అండాలమ్మ వంటింట్లో నలభై ఒక్క రాళ్లు

సెలవు దొరికితే మా కాకినాడ వాళ్లు అరకు వెళ్తారు, కేరళ వెళ్తారు, ఓపిక ఉన్నవాళ్లు కాశీ వెళ్తారు. నేను నాచారం వెళ్లొచ్చాను. ఐదు రోజుల యాత్ర. సంచిలో నాలుగు చీరలు, ఒక సుత్తి, అట్ట ఊడిన ఒక నోటుపుస్తకం, కిలో కాజాలు. తిరిగొచ్చిన దగ్గర్నుంచి ఎవరు కనిపించినా ఒకటే ప్రశ్న: "నాచారంలో చూడ్డానికి ఏముందండీ, సుభద్రగారూ?" ఒక్కొక్కరికీ చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఎర్ర చుక్క

ముందు ఎందుకు వెళ్లానో చెప్పాలి. మాది రాళ్ల పటాలు తయారుచేసే కంపెనీ. ఏ ఊరి నేలలో ఏ రాయి ఉందో పాత నోటుపుస్తకాల్లోంచి చూసి కంప్యూటరులోకి ఎక్కిస్తాం, దాన్ని రంగురంగుల పటంగా మార్చి అడిగినవాళ్లకి ఇస్తాం. పెద్ద ఆఫీసు హైదరాబాదులో, నాచారంలో. కాకినాడలో మాది చిన్న శాఖ. పంతొమ్మిదేళ్లుగా నేను చేసేది ఆ ఎక్కించే పనే. రాళ్ల గురించి నాకు తెలియనిది లేదని మా ఇంట్లోవాళ్ల నమ్మకం. నిజానికి నేను రాయిని పట్టుకున్నది తక్కువ, టైపు కొట్టింది ఎక్కువ.

ఈమధ్య పెద్ద ఆఫీసువాళ్లు ఒక కొత్త సాఫ్ట్‌వేరు తెచ్చారు. పాత వివరాలన్నీ దానికి తినిపిస్తే, ఎక్కడ తవ్వితే ఏం దొరుకుతుందో ఎర్ర చుక్కలతో చూపిస్తుందట. తినిపించారు. అన్నిటికంటే పెద్ద చుక్క నాచారం మీద పడింది. తాండూరు సున్నపురాయి, ఇల్లెందు బొగ్గు, బయ్యారం ఇనుము, మంగంపేట ముగ్గురాయి, గూడూరు అభ్రకం, ఆఖరికి సముద్రం ఒడ్డున దొరికే నల్ల ఇసుక, అన్నీ ఒకే చోట. మొత్తం నలభై ఒక్క రాళ్లు. సముద్రం నాచారం ఎప్పుడు వచ్చి వెళ్లిందో ఆ సాఫ్ట్‌వేరు చెప్పలేదు.

నాకు మాత్రం చుక్క చూడగానే సంగతి అర్థమైంది. ఆ రాళ్లని అక్కడ పడేసింది నేనే.

పదహారేళ్ల కిందటి సంగతి. రత్నంగారని మా కంపెనీలో పెద్ద భూగర్భ శాస్త్రవేత్త ఉండేవారు. ఆయన రిటైరయ్యాక ఆయన నోటుపుస్తకాలు ఎక్కించమని మా శాఖకి పంపారు. ముప్ఫయ్యేళ్ల పుస్తకాలూ శుభ్రంగా ఉన్నాయి, అక్షాంశం, రేఖాంశం, అన్నీ. ఆఖరి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి 'స్థలం' అన్న చోట ఇలా ఉంది: 'టైరు పంచరైన మలుపు.' 'చెప్పు తెగిన వాగు.' 'కోతి కళ్లజోడు ఎత్తుకుపోయిన గుట్ట.' 'పెళ్లివారు పిలిచి భోజనం పెట్టిన బడి వెనక.' ఇలా నలభై ఒక్కటి. కంప్యూటరు అంకెలు తప్ప మాటలు తీసుకోదు, గడి ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. అప్పటి మా మేనేజరుని అడిగితే, "ఏదో ఒకటి వేసెయ్యమ్మా, మన పెద్దాఫీసు అంకెలు వేసెయ్, తర్వాత చూసుకుందాం" అన్నారు. గోడ మీది పాత పటంలోంచి నాచారం ఆఫీసు అంకెలు చూసి నలభై ఒక్కసార్లు కొట్టాను. ఆ 'తర్వాత' పదహారేళ్లకి వచ్చింది. మేనేజరూ లేడు, రత్నంగారూ లేరు, నేను ఉన్నాను.

మా కంపెనీలో ఒక నియమం ఉంది. ఏ రాయి వివరాన్ని చెరపాలన్నా, పక్కకి జరపాలన్నా, మనిషి స్వయంగా ఆ చుక్క పడ్డ చోటికి వెళ్లి నిలబడి చూడాలి. పక్కన సుత్తి పెట్టి ఫొటో తీయాలి. సుత్తి లేకపోతే ఫొటోలో ఉన్నది కొండో గులకరాయో పైవాళ్లకి తెలియదట. అందుకని నాచారం గనుల్ని పరిశీలించడానికి నోటుపుస్తకంతో సహా ఎవరైనా రావాలని ఉత్తరం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి ప్రాజెక్టు మూసేస్తారు. ఆలోపు అసలు స్థలం తెలిస్తే సరే, లేకపోతే నలభై ఒక్కటీ శాశ్వతంగా చెరిపేస్తారు. రత్నంగారి ఆఖరి రెండేళ్ల కష్టం నా వేళ్ల వల్ల పోతుంది. ఎవరూ అడక్కముందే నేను వెళ్తానన్నాను. నా త్యాగం చూసి మా శాఖలో అందరూ మెచ్చుకున్నారు కూడా.

ఉప్పల్: గుండ్రంగా తిరిగే వంతెన

సోమవారం పొద్దున సికింద్రాబాదులో దిగి, మెట్రోలో ఉప్పల్ పోదామని ఉత్సాహంగా వెళ్లాను. సంచి తనిఖీ మిషనులోంచి బయటికి రాగానే గార్డు ఆపాడు.

"గీ సుత్తేంది మేడం?"

"రాళ్లు కొట్టడానికండీ."

"యాడ గొడ్తరు?"

"నాచారంలో. కచ్చితంగా ఎక్కడో ఇంకా తెలియదు. చుక్క ఎక్కడ ఉంటే అక్కడ."

అతను నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఆటోల వోండ్రి మేడం" అన్నాడు. చాలా మర్యాదగానే అన్నాడు. ఆటోలో పోయాను.

ఉప్పల్ కూడలిలో రోడ్డు దాటేవాళ్ల కోసం పైన గుండ్రటి వంతెన కట్టారు. ఎటు ఎక్కినా ఎటైనా దిగొచ్చు. ఎటైనా దిగొచ్చు అన్నప్పుడే నాలాంటివాళ్లకి చిక్కు. నేను రెండుసార్లు చుట్టూ తిరిగి ఎక్కిన చోటే దిగాను. మూడోసారి ఒక పెద్దాయన వెనకాల నడిచాను. ఆయన వరంగల్ బస్సుల వైపు దిగారు, నేనూ దిగాను. మళ్లీ ఎక్కాను. కాకినాడలో రోడ్డు దాటాలంటే చెయ్యి చాపి నడిచేయడమే, ఇంత ఆలోచన ఉండదు.

హాస్టలు ఉప్పల్లోనే దొరికింది. నడిపేది గుంటూరు ఆవిడ, వండేది మెదక్ ఆవిడ. అందుకని కూరలో కారం ఎవరిదో తెలియదు కానీ ఇద్దరి వాటా ఉంటుంది. ఇడ్లీకి పల్లీ చట్నీ బాగుంది. అల్లం పచ్చడి అడిగితే, అది పెసరట్టుకి కదా అన్నట్టు చూశారు. ఇరానీ చాయ్ ఇరవై రూపాయలు. మా ఊళ్లో రెండు టీలొస్తాయని మనసులో లెక్కేసుకున్నాను కానీ, తాగాక ఆ లెక్క మర్చిపోయాను.

నాచారం: రెండు గల్లీల తేడా

నాచారంలో మా ఆఫీసున్న వీధికి ఒక చివర మసాలా వాసన, ఇంకో చివర మందుల వాసన. మధ్యలో ఉన్న మనిషికి జబ్బు చేసి తగ్గిపోయినట్టు ఉంటుంది. ప్రాజెక్టు చూసే ప్రణీత్ ముప్ఫై దాటిన కుర్రాడు, మంచివాడు, మాట్లాడుతూ కూడా టైపు చేస్తాడు.

"మస్తు లక్కీ మేడం మీరు. గింత పెద్ద రెడ్ స్పాట్ స్టేట్‌ల ఇంకేడ రాలే" అన్నాడు. "ఎవలో ఎంట్రీల లొల్లి జేసిన్రు. కాకినాడ బ్రాంచ్ అనే ఉంది, పేరు లేదు. మీకేమన్న ఎర్కనా?"

"చాలా పాతది కదండీ" అన్నాను. అబద్ధం కాదు.

"ఫికర్ జెయ్యకుర్రి. స్పాట్ కాడికి వొయ్యి, సుత్తి వెట్టి ఫొటో గొట్టి రాండ్రి. జాగలు దొర్కకుంటె ఫ్రైడే డిలీట్ గొడ్దాం."

డిలీట్ అనే మాట అతను దోమని కొట్టినట్టు అన్నాడు. ఫోనులో చుక్క పెట్టిచ్చాడు. చుక్క ఆఫీసు మీద ఉంటుందనుకున్నాను. లేదు. మా పాత గోడపటం భూమిని ఒక కొలతతో కొలిచిందట, ఇప్పటి ఫోన్లు ఇంకో కొలతతో కొలుస్తాయట. రెంటికీ తేడా రెండు గల్లీలు. అంటే నేను తప్పు చేయడంలో కూడా తప్పు చేశాను.

అండాలమ్మ వంటిల్లు

మంగళవారం పొద్దున సుత్తి పట్టుకుని, ఫోనులో చుక్క చూసుకుంటూ రెండు గల్లీలు నడిచాను. చుక్క ఒక రేకుల ఇంటి ముందు ఆగలేదు, గడప దాటింది. గుమ్మంలో అరవై ఏళ్ల ఆవిడ చిక్కుడుకాయలు ఒలుస్తోంది. పేరు అండాలమ్మ.

"ఎవలు గావాలె బిడ్డా?"

"అమ్మా, మీ ఇంట్లో బొగ్గు, ఇనుము, సున్నపురాయి ఉన్నట్టు మా కంప్యూటరు చెప్తోంది. లేవని రాసుకుని పోతాను."

ఆవిడ కంగారుపడలేదు. "బొగ్గు ఎన్నడో బంద్ జేసినం, గ్యాసే ఇప్పుడు" అంది. "రాళ్లంటవా, రేషన్ బియ్యంల ఉంటయ్ రెండు మూడు. లోపటికి రా, ఎండల నిలవడకు."

చుక్క వంటింటి మధ్యలో ఆగింది. చిన్న వంటిల్లు. ఒక మూల గోడని ఆనుకుని గుండ్రంగా ఉబ్బిన గట్టు, దానికి ముదురు పచ్చ ఆయిలు పెయింటు, మీద కుక్కరు, పచ్చడి జాడీ. "గా గట్టు మీద గూసో బిడ్డా, మస్తు సల్లగుంటది" అంది అండాలమ్మ. కూర్చున్నాను. నిజంగానే చల్లగా ఉంది. కుక్కరు పక్కన సుత్తి పెట్టి ఫొటో తీశాను. ఒళ్లో ఫారం పెట్టుకుని, 'పరిశీలించిన చోట రాయి ఏదీ లేదు. వంటిల్లు ఉంది' అని రాసి సంతకం పెట్టాను.

లేచి బయల్దేరబోతే ఆవిడ ఒప్పుకోలేదు, అన్నం తిని పొమ్మంది. పచ్చిపులుసు పోసింది. మేము చారు మరగకపోతే చారనం. వీళ్లు చింతపండు పిసికి, ఉల్లిపాయలు నలిపి, పొయ్యి ఎక్కించకుండానే ముగిస్తారు. మొదటి ముద్దకి అనుమానం వేసింది, మూడో ముద్దకి మళ్లీ పోయించుకున్నాను.

బుధవారం పొద్దున ఫారం మీద అండాలమ్మ సంతకం వేయించుకోవడానికి మళ్లీ వెళ్తే ఆ గల్లీలో జనం. ప్రభుత్వం తరఫున రాళ్లు చూసే మేడం వచ్చిందని పుకారు. ఒకావిడ కాళ్లు తోముకునే రాయి తెచ్చింది. ఒకాయన ఉంగరంలో రాయి కొలిపించుకోవాలని వచ్చాడు. ఇంకొకాయన చిన్న సీసా తీశాడు, అందులో ఆయన మూత్రపిండంలోంచి తీసిన రాయి.

"గిది ఏం రాయి మేడం?"

"నాకు అలాంటివి తెలియవండీ."

"జాగ గిట్ల కావాల్నా? గిదిగో" అని స్కానింగు రిపోర్టు విప్పాడు. ఎడమ మూత్రపిండం, కింది భాగం, ఇన్ని మిల్లీమీటర్లు అని స్పష్టంగా ఉంది. నా నలభై ఒక్క రాళ్లలో ఒక్కదానికైనా ఇంత కచ్చితమైన చిరునామా లేదు. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

అండాలమ్మ అందర్నీ కసిరి పంపేసి, టీ ఇచ్చి, "ఏమైంది బిడ్డా" అంది. సంచిలోంచి నోటుపుస్తకం తీసి చదివి వినిపించాను. టైరు పంచరైన మలుపు, కోతి ఎత్తుకుపోయిన కళ్లజోడు. ఆవిడ వింటూ వింటూ టీ గ్లాసు కింద పెట్టింది.

"మల్లేశమన్న చెప్పు తెగిన వాగు అని గూడ ఉన్నదా?"

"చెప్పు తెగిన వాగు అనే ఉంది. మల్లేశం ఎవరమ్మా?"

"మీ ఆఫీసుల జీపు డ్రైవరే గదా. మా ఇంటాయన గీ గల్లీలనే చాయ్ హోటల్ నడిపిండు. మల్లేశమన్న దినాం ఆడికొచ్చి గిట్లనే కతలు జెప్పేటోడు. కోతి కత నేను పదిసార్లు ఇన్న."

"ఇప్పుడెక్కడ ఉంటారు?"

"దమ్మాయిగూడల. ఇల్లు గట్టిండు."

లేచి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. కాజాల పొట్లం అక్కడే ఇచ్చేశాను.

దమ్మాయిగూడ: కదలని జీపు

కుషాయిగూడ మీదుగా ఆటోలో వెళ్లాను. దమ్మాయిగూడలో కాలనీలు ఎంత కొత్తవంటే, ఆటో అతను అడిగినవాళ్లు కూడా కిందటి నెలే వచ్చామన్నారు. మల్లేశం ఇల్లు దొరికేసరికి మధ్యాహ్నమైంది. డెబ్బై దాటిన మనిషి, నిటారుగా ఉన్నాడు. నోటుపుస్తకం చూడగానే మొదటి పేజీ మీద చెయ్యి వేసి, "సారు పుస్తకం" అన్నాడు.

"మల్లేశంగారూ, రత్నంగారు స్థలం దగ్గర అంకెలు ఎందుకు రాయలేదండీ? ముప్ఫయ్యేళ్లు రాసినాయన."

ఆయన భార్య సత్తెమ్మ వైపు చూశాడు. ఆవిడ తలూపింది.

"ఇగ దాసుడెందుకమ్మా, సారే లేకపాయె. ఆఖరి రెండేండ్లు సారుకు మోకాళ్లు వొయినయ్. ఆఫీసుల దెలిస్తె ఫీల్డు బంద్ జేస్తరని ఎవలికి జెప్పలే. గుట్టలు నేనే ఎక్కేది, రాయి నేనే తెచ్చేది. సారు జీపుల గూసొని, సూసి, గదేం రాయో రాసేటోడు. జాగ అంకెలు సూపే మిషను మెడల ఏసుకునేది ఉండె, గది నాకు రాకపాయె. యాడ దొర్కిందిరా మల్లేశం అంటె నాకు దెల్సిన తీర్గ జెప్పేటోన్ని. గదే రాసిండు."

అదీ సంగతి. పదహారేళ్లు ఆయన ఎందుకిలా రాశారా అని తిట్టుకున్నాను.

ఆఫీసువాళ్లిచ్చిన ట్యాబులో ఉపగ్రహ చిత్రం తెరిచి, టైరు పంచరైన మలుపు చూపించమన్నాను. మల్లేశం అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపాడు. "కుర్సీల గూసోబెట్టి గుర్తు జెయ్యమంటె ఎట్ల గుర్తొస్తదమ్మా? బండి నడుస్తుండాలె."

తర్వాత జరిగింది నేను మా ఆఫీసు నివేదికలో రాయలేదు. ఇక్కడ రాస్తున్నాను. వరండాలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని మల్లేశం కూర్చున్నాడు. సత్తెమ్మ పెళ్లినాటి ఇత్తడి తాంబాళం తెచ్చిచ్చింది. అది స్టీరింగు. ట్యాబు ముందు స్టూలు మీద పెట్టాం. నన్ను వెనక కుర్చీలో ఎడమవైపు కూర్చోమన్నాడు.

"ముందు కూర్చుంటే చిత్రం బాగా కనిపిస్తుంది కదండీ?"

"సారు ఎనకనే గూసునేటోడు."

వెనకే కూర్చున్నాను. బండి కదిలింది. తాంబాళం తిరుగుతుంటే ఆయన చెప్పిన దారిలో నేను వెనక నుంచి చెయ్యి చాపి చిత్రాన్ని జరపాలి. ప్రతిసారీ నాచారం ఆఫీసు గేటు నుంచే బయల్దేరాలి, నేరుగా తాండూరు పోదామంటే కుదరదు. "గాలిల వోతదా జీపు?" అని కసిరాడు. చిత్రంలో కొత్త ఔటర్ రింగు రోడ్డు కనిపిస్తే ఎక్కనన్నాడు, ఆ రోజుల్లో అది లేదు. పక్కనున్న జవహర్‌నగర్ చెత్తగుట్టల వైపు నుంచి గాలి తిరిగినప్పుడు, "అద్దాలు ఎక్కియ్యి" అన్నాడు. ఏం ఎక్కించాలో తెలియక కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

కానీ చెప్పడం మొదలుపెడితే మాత్రం ఆయనకి సాటి లేదు. "ఎడమకు. ఇగ గతుకులొస్తయి, గట్టిగ వట్టుకో. ఆగాగు, మూల మలుపు. గీడ్నే ఫట్‌మన్నది టైరు. కుడి దిక్కు తెల్లగ గనవడ్తుందే, గదే." చిత్రాన్ని దగ్గరికి లాగితే నిజంగానే మలుపు పక్కన తెల్లటి సున్నపురాయి మేట. అంకెలు రాసుకున్నాను. ఒకటి.

బుధవారం చీకటి పడేలోపు పదకొండు ప్రయాణాలు చేశాం. గురువారం పొద్దున్నే మళ్లీ బయల్దేరాం. ఆయన అప్పట్లో టీ తాగిన చోటల్లా ఇప్పుడూ ఆపాడు, ఆపినప్పుడల్లా సత్తెమ్మ టీ పెట్టింది. భోజనానికి సర్వపిండి చేసింది, బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు కలిపి గిన్నె అడుగున ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి కాల్చింది. మా దిబ్బరొట్టెకి దూరపు చుట్టం లాంటిది, కాకపోతే దీనికి పళ్లు గట్టిగా ఉండాలి. ఆ రెండు రోజుల్లో నేను బయ్యారం, ఇల్లెందు, గూడూరు, మంగంపేట చూశాను, సముద్రం దాకా పోయి నల్ల ఇసుక కూడా తెచ్చాను. వరండా దిగలేదు. అయినా గురువారం మధ్యాహ్నానికి నడుము పట్టేసింది.

ముప్ఫై మూడో రాయి దగ్గర, వికారాబాద్ దాటాక టీకి ఆగినప్పుడు, ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

"మల్లేశంగారూ, మీ రాళ్లన్నీ తీసుకెళ్లి నాచారంలో పడేసింది నేనేనండీ. గడి ఖాళీగా ఉంటే మిషను తీసుకోలేదు. ఆఫీసు అంకెలు వేసేశాను."

ఆయన ముందు బ్రేకు మీద కాలు గట్టిగా పెట్టి, తాంబాళం ఒళ్లో దించి, అప్పుడు వెనక్కి తిరిగాడు.

"ఖాళీగ ఇడిసిపెడితె ఏమైతుండె?"

"పుస్తకం పక్కన పడేసేవాళ్లం. పోయేవి."

"మరి పోనియ్యలే గదా" అన్నాడు. "చీకటి వడి, యాడియి ఆడ సర్దనీకె కాకుంటె నేను గూడ రాళ్లన్నీ ఆఫీసులనే దింపుతుంటి. నువ్వు గూడ గంతే జేసినవ్. చాయ్ దాగు, సల్లగైతది."

పదహారేళ్ల బరువు అలా చాయ్‌తో పాటు దిగిపోయింది. కళ్లు తుడుచుకుంటుంటే సత్తెమ్మ దుమ్ము పడిందనుకుని తడిగుడ్డ ఇచ్చింది.

మళ్లీ నాచారం: నలభై ఒకటోది

సాయంత్రానికి నలభై అయ్యాయి. ఆఖరి పేజీలో ఒకటే పంక్తి: 'బండి ఆఖరిసారి ఆగిన చోటు. గులాబిరంగు గ్రానైటు.' ఇది చదవగానే మల్లేశం తాంబాళం పక్కన పెట్టేశాడు.

"గిది దీంట్ల గనవడది. నాచారమే. సారు రిటైరైన దినం. రేపు నేనే వచ్చి సూపిస్త."

శుక్రవారం ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. ఆఫీసు గేటు దగ్గర నుంచి ముందు నడిచాడు. ఒక గల్లీ తిరిగాడు, రెండో గల్లీ తిరిగాడు. నా కాళ్లు ఆయనకంటే ముందే ఆ దారి గుర్తుపట్టాయి. అండాలమ్మ గుమ్మంలోనే ఉంది.

"గీడ్నే మీ చాయ్ హోటల్ ఉండె గదా వదినే" అన్నాడు మల్లేశం. "ఆ దినం సారు ఇంటికి వొయ్యేముందు ఆఖరి చాయ్ గీడ్నే దాగిండు. నాకు ఇయ్యనీకె చేతుల ఏం లేకుండె. ఎనక పెద్ద రాతిగుండు ఉండె, దాని కొన గొట్టి ముక్క చేతుల వెట్టిన. ఆయ్న నవ్వి, దాన్ని గూడ పుస్తకంల రాసిండు. ఆ గుండు ఏమాయె?"

"ఏడికి వొయింది మల్లేశమన్నా" అంది అండాలమ్మ. "ఇల్లు గట్టెటప్పుడు వలగ్గొట్టాలె అన్నరు. గది కదిలేటట్టు లేదు. దాన్ని లోపట్నే వెట్టి గోడలు లేపినం. రంగేసినం. నీ మేడం దాని మీదనే గూసున్నది మొన్న."

పచ్చ గట్టు వైపు చూశాను. కుక్కరు, పచ్చడి జాడీ. మంగళవారం దాని మీదే కూర్చుని, దాని మీదే సుత్తి పెట్టి, అక్కడ రాయి ఏదీ లేదని సంతకం పెట్టాను. పంతొమ్మిదేళ్ల అనుభవం. నేను తప్పుగా కొట్టిన అంకెలు, పాత కొలత తప్పుతో కలిసి, నలభై ఒక్కటిలో ఒక్క రాయిని దాని సొంత చోటికి చేర్చాయి. దాన్ని కూడా చెరిపించేదాన్ని.

రాయి కనిపించేలా మళ్లీ ఫొటో తీయాలి. సుత్తి కోసం సంచిలో చూస్తే లేదు, దమ్మాయిగూడ వరండాలో మర్చిపోయాను. అండాలమ్మ అట్లకాడ ఇచ్చింది. మల్లేశం మోకాళ్ల మీద కూర్చుని దాంతో అరచేయంత పెయింటు గీకాడు. లోపల గులాబిరంగు. అక్కడే అట్లకాడ ఆనించి ఫొటో తీశాను.

ముగ్గురం ఆఫీసుకి వెళ్లాం. నాలుగున్నర.

"ఫొటోల స్కేల్ ఏడుంది మేడం, సుత్తి లేదు?" అన్నాడు ప్రణీత్.

"అట్లకాడ."

"లిస్టుల అట్లకాడ లేదు మేడం."

"చేర్చండి."

అతను గోడ గడియారం చూసి, చేర్చాడు. నలభై రాళ్ల అంకెలు మార్చేశాడు. ప్రతిసారీ మిషను 'పొరపాటుకి కారణం' అని అడుగుతుంది. నేను కీబోర్డు లాక్కుని కొట్టాను: 'స్థలం గడి ఖాళీగా వదలలేక సుభద్ర, కాకినాడ శాఖ, ఆఫీసు అంకెలు వేసింది.' ప్రణీత్ చదివాడు. నా వైపు చూశాడు. మెల్లగా, "గింత పొడుగు వట్టది మేడం" అన్నాడు. కుదించి 'సుభద్ర వేసింది' అని తనే నలభైసార్లు అతికించాడు.

మిగిలింది 'సేకరించినవారు' గడి. అన్నిట్లో రత్నంగారి పేరే ఉంది. గుట్టలెక్కింది మల్లేశం కాబట్టి అన్నీ ఆయన పేరుకి మార్చమన్నాను. ప్రణీత్ మౌసు పట్టుకున్నాడు. మల్లేశం అతని చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"వద్దు బిడ్డా. రాయి నేను తెచ్చిన, గదేం రాయో నాకెర్కలే. సారే జెప్పిండు. నలభై సారువే ఉండనియ్యి."

"ఆఖరిది?" అన్నాను.

ఆయన తెర మీది గులాబిరంగు ఫొటో చూశాడు. ఐదుకి నాలుగు నిమిషాలుంది.

"గది నేను సారుకిచ్చింది గదా" అన్నాడు. "గదొక్కటి నాకిడు."

ప్రణీత్ పేరు కొట్టాడు. మిషను హోదా అడిగింది. దాని జాబితాలో డ్రైవరు లేదు, అది కూడా చేర్చాడు. మల్లేశం తెర దగ్గరికి వంగి, తన పేరుని వేలితో ఒక్కో అక్షరం తాకుతూ చదువుకున్నాడు. అండాలమ్మ మాత్రం, రాయి తన ఇంట్లోది కాబట్టి తన పేరెందుకు లేదని ప్రణీత్‌తో పోట్లాటకి దిగింది. దానికి గడి లేదని ఒప్పించేలోపు ఐదు దాటింది.

కాకినాడ వచ్చాక రోజూ పొద్దున ఆ పటం తెరుస్తున్నాను. నాచారం మీద పెద్ద ఎర్ర చుక్క పోయింది. ఇప్పుడక్కడ ఒక్కటే, చిన్నది, గులాబిరంగుది. నొక్కితే మల్లేశం, డ్రైవరు అని వస్తుంది. పన్నెండు కావస్తుంటే, ఈ పాటికి అండాలమ్మ దాని మీద అన్నం కుక్కరు దించి ఉంటుందని అనుకుంటాను.